ఎర్త్ గుంతకు పసుపు కుంకుమ

ఆ రోజుల్లో రెండు సంగతులు తలుచుకుంటే నా ఒళ్ళు మండేది: ఒకటి మూఢనమ్మకం, రెండోది ఎర్త్ లేని ఇల్లు. ఐ.టి.ఐ. ముగించి బూర్గంపాడులో ఒక ఉస్తాద్ దగ్గర వైరింగు పనికి కుదిరాను. (సాయంత్రాలు హేతువాద చర్చల్లో అరిచేవాణ్ణి కనుక పగలంతా గొంతు బొంగురే.) గేటుకు రెండు సింహాలు, గోడలకు మూడు రంగులు పెట్టించుకున్న ఆసామి కూడా, ఎర్త్ కోసం గుంత తవ్వాలనగానే "అది లేకపోతే బల్బు వెలగదా ఏంది?" అనేవాడు. వెలుగుతుంది! దుర్మార్గమంతా అక్కడే ఉంది. ఎర్త్ లేకపోయినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, మోటారు నీళ్ళు తోడుతుంది. మనిషి కూలిపోయిన రోజున గానీ అది లేదన్న సంగతి బయటపడదు. మూడు కాళ్ళ ప్లగ్గు సాకెట్టులో పట్టడం లేదని పై కాలు విరగ్గొట్టి దూర్చే మహానుభావుల్ని ఎందరినో చూశాను. ప్రాణం కాపాడేది ఆ కాలే.

తునికాకు ఏరి, కూలికి పోయి ఇల్లు కట్టుకున్న పెద్దమ్మ ఒకామె ఉండేది. ఇంట్లో ఆమె, మనవరాలు. స్నానాలగది కుళాయికి మోటారు నుంచి ఇనుప పైపు వచ్చింది గానీ, అంతకు ముందు పనిచేసినవాడు దానికి ఎర్త్ వైరు తగిలించలేదు. నేను మండిపడి, వెనక పెరట్లో నిలువెత్తు గుంత తవ్వి, పైపు నిలబెట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా పోసి పూడ్చి, అక్కణ్ణించి మోటారుకూ కుళాయి పైపుకూ వైరు లాగాను. "ఉప్పెందుకు బిడ్డా? బొగ్గెందుకు?" అని పెద్దమ్మ అడిగింది. "అది అట్లనే పొయ్యాలె" అన్నాను. (ఆ జవాబు గుర్తుంచుకోండి.)

వారం తరువాత ఫ్యాను బిగించడానికి వెళితే, గుంతలోంచి పైకి వచ్చిన పైపుకు పసుపు, కుంకుమ, చుట్టూ తడి! "నువ్వే గద ఉప్పు, బొగ్గు పెట్టి పాతినవ్. తల్లికి దినాం చెంబెడు నీళ్ళు పోస్తున్న" అంది పెద్దమ్మ. నా రక్తం మరిగిపోయింది. అరగంట ఉపన్యాసం దంచాను. చివరికి ఆమె, "ఇగ పొయ్యను తియ్, అరవకు. పిల్ల జడుసుకుంటది" అంది. హేతువాదానికి నేను సాధించిన తొలి విజయమని ఆ సాయంత్రమే సభలో చాటుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఎండలు ముదిరాయి. ఒకనాడు పొద్దున పక్కింటాయన పరుగున వచ్చి, "పెద్దమ్మ మనవరాలికి కుళాయి కాడ షాక్ కొట్టింది. తల్లికి కోపమొచ్చిందంట!" అన్నాడు. నేనూ ఉస్తాదూ స్కూటరు మీద దూసుకుపోయాం. పిల్ల పెద్దమ్మ ఒడిలో ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది, ఊపిరి మాత్రం నిక్షేపంగా ఉంది. పెద్దమ్మ నన్ను తిట్టలేదు. "నీళ్ళు మాన్పిచ్చినవ్ గద బిడ్డా, తల్లికి దూపైంది" అంది, అంతే.

"తల్లీ లేదు, దూపా లేదు! మోటార్ల తీగ ఒరుసుకోని ఉంటది" అని ఎగిరాను. నిజంగానే తీగ ఒరుసుకుని మోటారు ఇనుముకు తగులుతోంది. మెయిన్ ఆపి మోటారు సరిచేసి, నేనే గెలిచానన్నట్టు చూశాను. ఉస్తాద్ మాత్రం మెయిన్ మళ్ళీ వేసి, సంచిలోంచి రెండు వైర్ల పరీక్ష బల్బు తీసి, ఒక కొస కరెంటు వచ్చే ఫేజుకూ ఇంకో కొస నా ఎర్త్ వైరుకూ ఆనించాడు. బల్బు మిణుగురులా మిణుకుమంది.

"మోటార్ల తప్పుంది, అవ్. మరి నీ ఎర్త్ ఏం జేస్తుంది, పండుకుందా?" అంటూ గుంత మీద కాలితో తన్నాడు. మట్టి నెర్రెలు విచ్చి ఉంది. "ఎండకాలం గుంతల నీళ్ళు పోస్తరా, పొయ్యరా?"

"పోస్తరు."

"ఈడ ఎవలు పోస్తుండిరి?"

"నేనే పోస్తుంటి. గీయన వద్దన్నడు" అంది పెద్దమ్మ.

ఉస్తాద్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మెయిన్ ఆపి, రెండు బకెట్ల నీళ్ళు పోసి, ఇంకేదాకా ఆగి, మెయిన్ వేసి మళ్ళీ బల్బు పెట్టాడు. ఈసారి కళ్ళు చెదిరేలా వెలిగింది.

అప్పుడు కూర్చుని, మొదటిసారి, విడమరిచి చెప్పాను: తడి మట్టి తప్పిపోయిన కరెంటును లోపలికి లాక్కుంటుందనీ, ఉప్పూ బొగ్గూ ఆ తడిని పట్టి ఉంచడానికేననీ, ఎండిపోతే అది పైపులోనే కాచుకు కూర్చుని పట్టుకున్నవాళ్ళను కొడుతుందనీ. పెద్దమ్మ శ్రద్ధగా విని, "గీ ముక్క ఆ దినమే జెప్తే అయిపోతుండె గద! అరిచినవ్ గని చెప్పకపోతివి" అంది.

ఈనాటికీ పైపుకు వైరు తగిలించని ఇల్లు చూస్తే నాకు మంట తగ్గలేదు. అంతకన్నా పెద్ద మంట ఆ బొంగురు గొంతు కుర్రాడి మీద. కారణం చెప్పకుండా మొక్కమనేవాడికీ, కారణం చెప్పకుండా మానెయ్యమనేవాడికీ తేడా ఏమిటి? ఆ కుర్రాడు నమ్మింది నిజమే కావచ్చు. పిల్లకు కాపలా ఉన్నది మాత్రం పెద్దమ్మ చెంబు, దాన్ని లాక్కున్నది వాడు.

ఇప్పుడు ఎండాకాలం వస్తే రోజూ పొద్దున మా ఇంటి ఎర్త్ గుంతలో నేనే నీళ్ళు పోస్తాను. "పసుపు ఒక్కటే తక్కువ" అంటుంది మా ఆవిడ. గట్టిగా జవాబు చెప్పడానికి నోరు తెరుస్తాను. తెరిచి, ముందు చెంబు పూర్తిగా వంచుతాను.