చీటీలో నేను మింగిన మాట

ఆదివారం ఆరాధనకు అరగంట ముందు తాండూరులోని మా మందిరం స్పీకరులో మా అన్న పాడతాడు. ఆ సమయంలో అన్న ముందు వరుసలో, ఆ స్పీకరు కిందే, నోరు మూసుకుని కూర్చుని ఉంటాడు.

పాతికేళ్లు సంఘంలో పాటలు నడిపించిన మనిషి. గొంతు పోకముందు ఎవరో మెమరీ కార్డులో ఎక్కించిన పాటలవి. కొత్తగా వచ్చినవాళ్లు వింటూ మెచ్చుకుంటారు. తెలిసినవాళ్లం తల ఎత్తం. పాటలో ఊపిరి తీసుకునే చోటు వచ్చినప్పుడల్లా కింద అన్న ఛాతీ పైకి లేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నా చేతిలోని బైబిలు చల్లగా తగిలింది.

మా మందిరంలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. ప్రకటనలు చదివేది నేను. కాన్పుల మాట, గర్భసంచి మాట వస్తే ఎడమకు తిరిగి చదవాలి. అంతసేపూ మగవాళ్లు నాపరాళ్ల నేలను చూస్తూ కూర్చుంటారు. ఎవరూ రాసిపెట్టని పద్ధతి అది.

ఓసారి సంఘంలోని నర్సు ఒక చీటీ ఇచ్చింది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల క్యాన్సర్లు వస్తాయని, ఆడపిల్లలకు, మగపిల్లలకు టీకా వేయించమని రాసింది. నేను ఎడమకు తిరిగి చదివాను. 'మగపిల్లలకు' అన్న మాట వదిలేశాను. చీటీ మడిచి బైబిల్లో పెట్టుకున్నాను.

మరుసటి ఏడు అన్న చెవి కింద గడ్డ లేచింది. నూనె రాసి ప్రార్థించాం, ఉపవాసాలు ఉన్నాం. గడ్డ పెరిగింది. పరీక్షలయ్యాక వికారాబాద్ డాక్టరు కాగితాలు చూశాడు.

"గుట్కా? బీడీ?"

"ఏనాడు ముట్టలే సార్," అన్నాడు అన్న.

"ఇది గొంతు క్యాన్సర్. హెచ్‌పీవీతో వచ్చింది. మగోళ్లకు గూడ వస్తది. భార్యాభర్తల నడుమనే అంటుకోవచ్చు. ఏండ్లకేండ్లు చప్పుడు చెయ్యకుండ లోపలుంటది. తప్పెవరిదని ఎతకకుండ్రి."

తప్పెవరిదని నేను నోటితో అడగలేదు. కానీ తిరుగు రైలులో అన్న పక్కన చోటున్నా ఎదురు సీటులో కూర్చున్నాను. అన్న నన్ను ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆ సీటు గురించి ప్రభువు ముందు ఇప్పటికీ ఒప్పుకుంటూనే ఉన్నాను.

క్యాన్సరు స్వరపేటిక దాకా పాకింది. ఆపరేషనులో దాన్ని తీసేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు అన్న మెడలోని రంధ్రంతోనే ఊపిరి తీసుకుంటాడు.

అన్న స్థానంలో పాటలు నడిపించేది నా కొడుకు. వాడికి పెండ్లి కుదిరింది. ఒక ఆదివారం అన్న నా చేతిలో కాగితం పెట్టాడు: 'పిల్లగానికి టీకా సూది ఇప్పించినవా?'

కాగితం చూసి కొడుకు నవ్వాడు. "గది ఆడోళ్ల సూది నాయినా! పెండ్లి ముంగట ఏసుకుంటే పిల్ల తరపోళ్లు ఏమంటరు? గీడు యాడ తిరిగొచ్చిండో అనరా?"

వాడు ఆ ఆలోచన ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు.

అన్న వాడిని పక్కన కూర్చోబెట్టి, వాడి చేయి తీసి తన మెడ మీద పెట్టుకున్నాడు. అప్పుడే స్పీకరు మొదలైంది. పైన అన్న గొంతు. కింద అవే మాటలకు కదులుతున్న అన్న పెదవులు. పాట హెచ్చు స్థాయికి వెళ్లింది. వాడి వేళ్ల కింద ఏమీ అదరలేదు.

"నాయినా, లోపల సప్పుడే లేదు," అన్నాడు వాడు, చేయి వెనక్కి లాక్కోబోతూ. పాట అయ్యేదాకా అన్న వదలలేదు.

మందిరం నిండాక నేను స్పీకరు ఆపించి మైకు దగ్గరికి వెళ్లాను. పాత చీటీ బైబిల్లోనే ఉంది, మడతల దగ్గర చిరిగి. కుడికి తిరిగాను.

"బ్రదర్, గటు తిరుగు, గది అమ్మల ముచ్చట," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

"కాదు బ్రదర్, మీ ముచ్చటే. గీ టీకా మగపిల్లలకు గూడ. రోగమొచ్చినంక కాదు, రాకముందే ఏయించాలె. చిన్నగున్నప్పుడైతే ఇంకా మంచిది. పెద్దగైన పిల్లలుంటే డాక్టర్‌ను అడుగుండ్రి. గిది నడత కొలిచే సూది కాదు. గా దినం నేను గీ మాట మింగిన."

ఎవరూ ఆమెన్ అనలేదు. ముందు వరుసలో అన్న మెడలోంచి గాలి మాత్రం సుయ్‌మంది.

"పెదనాయినా," అన్నాడు నా కొడుకు, "రేపు వికారాబాద్ బండికి నువ్వు గూడ రా."

మర్నాడు రైలులో నేను అన్న పక్కన కూర్చున్నాను. ఎదురుగా కొడుకు, చొక్కా చేయి అప్పుడే మడుచుకుని, కూనిరాగం తీస్తున్నాడు. రాగంలో ఊపిరి తీసుకునే చోటు వచ్చింది. నా భుజానికి ఆనుకున్న అన్న ఛాతీ పైకి లేచింది.