ఖాళీ గడి

హాల్లో ఎవరో మైకు సరిచేస్తుంటే కీచుమంది. ఆ శబ్దానికి భవానీపురంలో నేను పనిచేసిన స్కూలూ, మా ప్రిన్సిపాల్ వసుంధర గారూ కళ్ల ముందుకొచ్చారు. ఏటా పిల్లలకు పాటల పోటీ పెట్టేవారావిడ. మార్కులు కంప్యూటర్లో ఎక్కించే పని నాది. ఐదుగురు జడ్జీలు పదికి మార్కులు వేస్తే, అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసేసి, మిగతా మూడింటికే సగటు కట్టాలని ఆవిడ నియమం. ఎక్సెల్లో దానికి ఫార్ములా ఎలా రాయాలో నాకు నేర్పిందీ ఆవిడే. ఎందుకండీ ఇదంతా అంటే నవ్వి, "ఒకరికి ముద్దెక్కువ, ఒకరికి చిరాకెక్కువ. రెండూ తీసేస్తే పాట మిగులుతుంది అమ్మాయ్," అన్నారు.

ఆ ఏడు ఫైనల్స్ నాడు గన్నవరం నుంచి రావాల్సిన జడ్జిగారు జ్వరమని ఫోన్ చేశారు. ఐదో కుర్చీలో ఆవిడే కూర్చోక తప్పలేదు. చిక్కేమిటంటే, చివర పాడేది ఆవిడ కూతురు మేఘన. పదో తరగతి పిల్ల, ఆ కప్పు కోసం ఏడాదంతా గొంతు అరిగేలా సాధన చేసింది. పాట అయ్యాక చీటీలు నా దగ్గరికొచ్చాయి. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, ఆరు. ఐదో చీటీలో వసుంధర గారి చేతిరాతతో సున్నా. అంకెలు తెర మీద పడగానే జనం నోళ్లు తెరిచారు. మేఘన మొహం పాలిపోయింది. సగటు ఎనిమిదికి కాస్త తక్కువొచ్చింది. సరిగ్గా ఎనిమిది తెచ్చుకున్న ఇంకో పిల్లవాడు కప్పు తీసుకెళ్లాడు.

హాలు ఖాళీ అయ్యాక ఆవిడ నా వెనక వచ్చి నిలబడ్డారు. "నా మార్కు లేనట్టే ఉండాలని సున్నా వేశాను. చిన్నది ఎలాగూ పోతుంది కదా, మరి మేఘనకెందుకు తగ్గింది?" అని అడిగారు. నేను తెర మీద ఆరును చూపించాను. మామూలుగా పోవాల్సింది ఆ ఆరే. సున్నా పోవడంతో అది లెక్కలో ఉండిపోయింది. ఆవిడ కుర్చీ పట్టుకున్నారు. నాకు ఫార్ములా నేర్పిన మనిషికి ఈ సంగతి తట్టలేదు. కాసేపటికి తన మార్కున్న గడి ఖాళీ చేసి చూడమన్నారు. సున్నా చెరిపాను. ఒక తొమ్మిదీ, ఆరూ పోయాయి. మిగిలిన రెండింటి సగటు ఎనిమిదిన్నర. మేఘనే ఫస్టు.

ఫలితం మాత్రం మార్చనివ్వలేదు. ఇచ్చిన కప్పు పిల్లవాడి చేతిలోంచి లాక్కుంటామా అన్నారు. కానీ కూతుర్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, తాను చేసిన తప్పంతా చెప్పారు. మేఘన ఆ అంకెలు ఒక్కొక్కటే చదివింది. చివరికి, "అయితే నేను బాగానే పాడానా అమ్మా?" అంది. అంతవరకూ నిబ్బరంగా ఉన్న ఆవిడ భోరుమన్నారు.

వసుంధర గారు ఇప్పుడు లేరు. ఇవాళ ఈ హాల్లో జరిగే పోటీలోనూ మార్కులు ఎక్కించేది నేనే. ఒక జడ్జిగారి మేనల్లుడు పాడబోతున్నాడు. ఆయన నా దగ్గరికొచ్చి, "మావాడికి నా మార్కు సున్నా వేసేసుకోండి మేడమ్, గొడవుండదు," అన్నారు. వద్దండీ అని ఆయన మార్కు గడి ఖాళీగా వదిలేశాను. పిల్లాడు స్టేజి దిగగానే, బాగా పాడితే ఆ మాట వాడితో మీరే ముందు చెప్పండని ఆయన్ని పంపించాను.