పిడికిట్లో బొటనవేలు

మన రాజ్యం మనిషి మాటను నమ్మదు, అతని బొటనవేలిని నమ్ముతుంది. ఆ వేలికి ప్రాణం ఉందా అని కూడా అడగదు. తొంభైల మొదట్లో సిద్దిపేట బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒకామె వల్ల ఇది నాకు అర్థమైంది.

ఆమె కుడి బొటనవేలిని పిడికిట్లో దాచుకుని ఉంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"లేదు సారు. మా ఆయన పానం పోయినంక మా మరిది ఆయన ఏలుకు సిరా పూసి కాయితం మీద ఒత్తిండు. రెండెకరాలు పోయినయి. ఇగ నా పేర ఎకరం ఉన్నది. కడుపుల గడ్డకు ఆపరేషన్ చేస్తరట, మత్తిస్తరట. దవాఖానల తోడుండేది గా మరిదే. నేను పండుకుంటే నా ఏలు నన్నడగకుంటనే సంతకం పెడ్తది. అందుకే చేయించుకోకుంట ఊరికి పోతున్న."

ఆ వారమే గణితం మీద ఒక వ్యాసం చదివాను. ఉత్సాహంగా చెప్పాను.

"లెక్కలతో సంతకం పెట్టే పద్ధతి వచ్చిందమ్మా. రెండు పెద్ద సంఖ్యలు నీకొక్కదానికే తెలుసు. వాటిని గుణిస్తే వచ్చేది లోకమంతటికీ తెలిసినా, ఆ రెండింటిని ఎవరూ కనిపెట్టలేరు. అవి బయటపెట్టకుండానే సంతకం నీదేనని రుజువవుతుంది. వేలితో పనే లేదు."

"మత్తుల ఉన్నా గుంజుకోలేరా?"

"లేరు."

ఆమె మొహం కొంచెం తేటపడింది.

"గా లెక్క మన దవాఖానకు ఎన్నడొస్తది సారు? డాక్టరు నెలకంటె ఎక్కువ ఆగొద్దన్నడు."

ఇంతలో బెజ్జంకి బస్సు వచ్చింది.

"మంచి ముచ్చటే చెప్పిన్రు. జర జల్ది రావాలె గది," అంటూ లేచి, ఊరికి పోయే ఆ బస్సే ఎక్కింది.