కేకత్త పైముక్కలు

వీధిలో ఎవరింట వేడుకైనా కేకు చెయ్యాల్సింది కేకత్తే. పిండి కలిపేటప్పుడు ఎవరైనా పలకరిస్తే గరిటె ఎత్తి ఆగమంటుంది. తర్వాత ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని, ఉయ్యాల్లో పాపాయిని చూసినట్టు అద్దంలోంచి చూస్తుంది. ఆవిడ కేకులు పలకల్లా చదునుగా వస్తాయని పేరు. అలాంటిది, మేనకోడలు డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజున మూడు కేకులూ బోర్లించిన గిన్నెల్లా ఉబ్బాయి. "ఇదేంటి వదినా, మీకూ చెయ్యి తప్పిందా!" అని ఆ పిల్ల తల్లి బుగ్గలు నొక్కుకుంది. "వయసు మీదపడటం లేదూ?" అంటూ కేకత్త ఉబ్బిన పైభాగాలను కోసి, గిన్నెలో వేసి మూతపెట్టింది. చదునైనవాటికి క్రీము పూసి ఒకదానిమీద ఒకటి పేర్చింది.

సాయంత్రం హాలు నిండా జనం. నల్ల గౌనులో మేనకోడలు కేకు కోసింది, ఫొటోలు దిగింది, ఎంతో పెద్దదానిలా అందరికీ తలూపింది. కేకత్త వంటింట్లోనే ఉండిపోయి, తుడిచిన గట్టునే మళ్లీ తుడుస్తోంది. చిన్నప్పుడు కేకు వదిలేసి, ఈ కోసిన ముక్కలకోసమే తన కొంగు పట్టుకు తిరిగిన పిల్ల. ఇప్పుడింత చదువుకున్నాక వస్తుందా? అంతలో తలుపు తోసుకుని, గౌను చేతులు పైకి మడుచుకుంటూ వచ్చేసింది. "అత్తా, నా ముక్కలేవీ?" కేకత్త గిన్నె మూత తీసింది. పిల్ల గట్టెక్కి కూర్చుని, నోటినిండా కుక్కుకుని, "ఇన్నా! కావాలనే పొంగించావు కదూ?" అంది. "నోరు మూసుకుని తినవే," అంటూ కేకత్త తనకూ ఒక చెంచా తీసుకుంది.