రైమో కొన్న తొమ్మిదీ-మూడు

బడిపిల్లల బస్సు తోలే రైమోకి ఆ వేసవంతా తుపాకీ పిచ్చి పట్టుకుంది. పిచ్చంటే మామూలు పిచ్చి కాదు. కయానీ పట్నంలో పనేమీ లేకపోయినా తుపాకుల కొట్టు దాకా వెళ్లి అద్దంలోంచి చూసి వచ్చేవాడు. ఇంట్లో వాళ్ల నాన్న వాడిన పాత తుపాకీ ఉంది, ఆరున్నర మిల్లీమీటర్ల సన్న గుండుది. దుప్పి వేటకి చట్టప్రకారం అది చాలు. కానీ ఆ మంచుదేశపు దుప్పి గుర్రం కన్నా ఎత్తు. సన్న గుండు సరైన చోట తగిలిందా సరే, లేదంటే దాన్ని కడుపులో పెట్టుకునే కొండ దాటిపోతుంది. అందుకే ఆ ఊరి వేటగాళ్లకి లావు గుండు మీద అంత నమ్మకం. దాని లావు తొమ్మిది పాయింట్ మూడు మిల్లీమీటర్లు. అంత పొడుగ్గా అనే ఓపిక ఎవరికీ లేదు, ఆ తుపాకీని తొమ్మిదీ-మూడు అనేస్తారు.

"ఆ తుపాకుల కేటలాగు చూసినంత శ్రద్ధగా నా మొహం ఎప్పుడైనా చూశావా?" అంది భార్య మెర్వి.

"నీ మొహానికి పోలీసుల అనుమతి అక్కర్లేదుగా" అన్నాడు రైమో.

అనుమతి ఉంది, లేనిది డబ్బే. కొట్లో కొత్తది చేతికి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు, ధర వింటే మాత్రం చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. ప్లాస్టిక్ పిడిది చవకే, కానీ గురి చూసే దుర్భిణి విడిగా కొనాలి. ఎవరో వాడేసినది ఒకటి దొరికింది గానీ గొట్టంలోకి చూస్తే తుప్పు. తూటాలు సరేసరి, లావు గుండుకి లావు ధర. "డబ్బులో సగం తుపాకీకి పెట్టు, సగం దుర్భిణికి పెట్టు, మిగతాది తూటాలకి ఉంచుకో" అని సలహా ఇచ్చాడు కొట్టతను. మిగతాది ఏ సగంలోంచి తియ్యాలో మాత్రం చెప్పలేదు. అలా తేల్చుకోలేక తేల్చుకోలేక వేసవి గడిచిపోయింది. అక్టోబరులో వేట మొదలయ్యేసరికి రైమో భుజాన వాళ్ల నాన్న తుపాకీయే ఉంది.

ఒకరోజు మంచు పొగ విడిపోయాక వేటజట్టు వాళ్లు అతన్ని బురదనేల అంచున, దుప్పి వచ్చే దారి కాయడానికి, కాపు నిలబెట్టారు. అవతలి కాపు ఒయివాది. ఒయివాకి డెబ్భై దాటాయి, రైమోకి చిన్నప్పటి నుంచీ బాబాయ్. ఆయన కుక్క హల్లా, బూడిదరంగు ఆడకుక్క, అడవిలోంచి దుప్పిని తోలుకొస్తోంది. ఆ జట్టులో అలాంటి కుక్క ఇంకొకటి లేదు. కొమ్ముల దుప్పి ఇద్దరి మధ్యలోంచి దూసుకొచ్చింది. దూరం ఎక్కువ, పైగా అది పరుగులో ఉంది. ఆగాలని రైమోకి తెలుసు. ఆగలేదు, కాల్చేశాడు. ఆ వెంటనే ఒయివా తుపాకీ కూడా మోగింది. దుప్పి ఆగకుండా అడవిలోకి పారిపోయింది.

హల్లా సాయంత్రం దాకా దాని వెంటపడి, చివరికి ఒక వాగు దగ్గర నిలబెట్టింది. జట్టు పెద్ద కౌకో వెళ్లి దాని బాధ తీర్చాడు. పొట్ట చీల్చి చూస్తే అంతకుముందు తగిలింది ఒక్క గుండే, దానికి పేగులు ఛిద్రమై ఉన్నాయి. ఆ కంపుకి అందరూ మొహాలు తిప్పుకున్నారు.

"నాది పైన్ చెట్లలోకి పోయింది" అన్నాడు రైమో. అప్పటికి నిజంగానే అలా అనుకున్నాడు పాపం.

"అయితే నాదే" అన్నాడు ఒయివా. "కళ్లు పోతున్నాయని తెలిసీ వచ్చాను."

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అందరూ బూట్ల వంక చూసుకున్నారు.

ఆ మర్నాడు మాంసం షెడ్డులో తోలు తీసే వంతు రైమోది. మిగతావాళ్లు కాఫీకి వెళ్లారు. అవతలి పక్క డొక్కలో, తోలు కింద, కత్తి మొనకి ఏదో గట్టిగా తగిలింది. వేళ్లతో పెకలించి తీశాడు. గుండు. ముందుభాగం నలిగి విచ్చుకుంది గానీ వెనక మొదలు నలగలేదు, సన్నగా ఉంది. ఒయివాది తొమ్మిదీ-మూడు, ఆ లావు గుండయితే అటు తోలు చీల్చుకుని బయటపడేది. ఇది తనది. తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినగానే గుండు జేబులోకి పోయింది. పడేశాడో, పడిందో, చెయ్యి మాత్రం అతనిదే.

సాయంత్రం అందరూ షెడ్డులో చేరినప్పుడు చెబుదామనుకున్నాడు. అప్పుడే ఒయివా లేచి, "నలభై శరత్తులు మీతో తిరిగాను, చాలు. ఒక జీవాన్ని రోజంతా అలా ఏడిపించినవాడు అడవిలో ఉండకూడదు" అనేశాడు. ఆ మాట విన్నాక రైమో చెప్పడం మాని జేబు బొత్తాం పెట్టేసుకున్నాడు. ఇప్పుడు చెబితే ఏడిపించినవాడు తనే కదా.

అంతటితో ఆగినా కొంత నయం. నాలుగు రోజుల తర్వాత ఒయివాయే ఫోన్ చేశాడు. "తొమ్మిదీ-మూడు కోసం తిరుగుతున్నావటగా. నాది గోడకి వేలాడి ఏం చేస్తుంది, వచ్చి తీసుకుపో."

సిగ్గున్నవాడు వెళ్లడు. రైమో వెళ్లాడు. వాల్‌నట్ చెక్క పిడి, గొట్టం లోపల అద్దంలా ఉంది, మంచి దుర్భిణి బిగించి ఉంది. వేసవంతా వెతికినా దొరకనిది, కొట్టు ధరలో మూడో వంతుకి. ఆ ధర వినీ, ఆ పక్కనున్న తూటాల డబ్బాలు చూసి, "ఇవి కూడా కలుస్తాయా బాబాయ్?" అని అడిగాడు మహానుభావుడు. కలుస్తాయన్నాడు ఒయివా.

గురి మైదానంలో ఆ తుపాకీ గీత గీసినట్టు కొట్టింది. రైమో ఇంటికొచ్చి దాన్ని తుడవకుండానే బీరువాలో పెట్టేశాడు. "కోరుకున్నది దొరికింది, మొహం అలా పెట్టావేం?" అంది మెర్వి. భుజం నొప్పి అన్నాడు. బస్సులో పిల్లల మీద ఊరికే విసుక్కున్నాడు, తర్వాత దానికీ బాధపడ్డాడు.

ఒకనాడు పెట్రోలు బంకు దగ్గర కౌకో కనబడి అన్నాడు, "ఒయివా హల్లాని దూరాన కూసమో ఊళ్లో ఎవరికో ఇచ్చేశాడు. తను అడవికి పోనప్పుడు దాన్ని కట్టేసి ఉంచడం పాపమన్నాడు. ఇక కుక్క లేని వేటే మనకి."

రైమో బంకు దగ్గరి నుంచి తిన్నగా ఇంటికి వెళ్లి తుపాకీ తీసుకుని ఒయివా గుమ్మం ఎక్కాడు. ఒయివా ఏమీ అడక్కుండా కాఫీ పోశాడు. ఆ ఇంట్లో మొరుగు వినబడకపోవడం రైమో జన్మలో అదే మొదలు.

"ఆ దుప్పి కడుపులో గుండు నాది బాబాయ్."

ఒయివా చెంచా తిప్పుతూనే ఉన్నాడు. "ఎప్పుడు తెలిసింది?"

"తోలు తీసిన రోజే."

"అంటే నా ఇంటికి వచ్చినప్పటికి తెలుసు."

"తెలుసు."

"తూటాలు కూడా అడిగావు."

రైమో తుపాకీని బల్లకి ఆనించాడు. "తుపాకీ తెచ్చాను. హల్లాని కూడా నేనే వెళ్లి అడిగి తెస్తాను, ఆ కూసమో అతని నంబరివ్వు" అన్నాడు.

"మాటిచ్చాను అతనికి. అదీ అతని వెంట తిరుగుతోందట. కుక్కంటే ఏమనుకున్నావురా, ఇటిచ్చి అటు లాక్కోవడానికి సంచీయా?" ఒయివా గొంతు పెరగలేదు. "నాకొక్కడికి చెప్పడం ఏమంత కష్టం? శనివారం షెడ్డులో అందరి ముందూ చెప్పు. నేనూ వస్తాను."

శనివారం చెప్పాడు. గుండు దాచింది చెప్పాడు, తూటాలు అడిగింది కూడా చెప్పాడు. మాంసం కోస్తున్న చేతులు ఆగాయి. చివరికి కౌకో కత్తి తుడుచుకుంటూ, "ఒయివా తన కాపుకి వస్తాడు. నువ్వు ఈ సీజన్లో తుపాకీ ముట్టవు. నీ మూలంగా కుక్క పోయింది కాబట్టి కుక్క పని నువ్వే చెయ్యి" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. కౌకో నవ్వలేదు.

ఆ తర్వాతి వేటలో రైమో ఇంకా గడ్డకట్టని బురదనేలలో మోకాలి లోతున పడుతూ లేస్తూ, భౌ భౌమని గొంతు చించుకుంటూ వచ్చాడు. కాపుల్లోంచి నవ్వులు వినబడ్డాయి. అరుస్తూనే ఉన్నాడు. దుప్పి ఏదీ కదల్లేదు. చివర ఒయివా కాపు దగ్గరికొచ్చి, ముంజేతులదాకా బురదతో రొప్పుతూ నిలబడ్డాడు. ఒయివా తన తొమ్మిదీ-మూడు ఒళ్లో పెట్టుకుని మొద్దు మీద కూర్చున్నాడు. రైమో వైపు చూడలేదు, అతను వచ్చిన దారి వైపు చూశాడు.

"ఎడమ పక్క ఆ పొదల్లోకి వెళ్లలేదు నువ్వు" అన్నాడు. "హల్లా అయితే వెళ్లేది."

రైమో బూటులో నీళ్లు ఒంపుకుని, వెనక్కి తిరిగి ఆ పొదల్లోకి దిగాడు.