కాలువ గట్టు మీద నీలి డ్రమ్ము

మల్దకల్ దాటి కాలువ గట్టు మీద నడుస్తుంటే, నీళ్ళు ఆపే షట్టర్ పక్కన బోర్లించిన నీలి ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కనబడుతుంది. దాని మీద తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చునే మనిషి తిమ్మప్ప. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైనవాడు. చుట్టుపక్కల అందరికీ మిలిటరీ తిమ్మప్ప. అలంపూర్ పోదామని బయల్దేరి ఆయన పక్కన రెండు మధ్యాహ్నాలు కూర్చుండిపోయాను. అలంపూర్ ఎక్కడికి పోతుంది?

ఉద్యోగంలో ఉండగా తిమ్మప్ప ఐక్యరాజ్యసమితి దళంతో లెబనాన్ వెళ్ళివచ్చాడు. అక్కడ రెండు దేశాల నడుమ గీతను నీలి పీపాలతో గుర్తుపెట్టారు. ఆయన పని దుర్భిణితో చూడటం. గీత ఎవరు దాటినా, ఇటువాళ్ళయినా అటువాళ్ళయినా, చూసింది చూసినట్టు పైకి చెప్పడం.

"చేతిల తుపాకి ఉంటుండె. కాల్చకుండ కూసున్నందుకే జీతం," అంటాడు నవ్వుతూ.

ఇట్లా చూసి చెప్పే పనికి వయసు పెద్దగా లేదు. 1948లో సమితి పాలస్తీనాకు పంపిన మొదటి పరిశీలకుల చేతుల్లో ఆయుధమే లేదు. శాంతిదళం అనే మాట సమితి చార్టర్‌లో ఎంత వెతికినా దొరకదు. 1956లో సూయజ్‌కు దళం పంపేటప్పుడు కొత్త టోపీలకు వ్యవధి లేక, ఉన్న హెల్మెట్లకే నీలి రంగు కొట్టారని చదివాను. లోకంలో పనికొచ్చిన ఏర్పాట్లు చాలావరకు అట్లా ఆదరాబాదరాగా రంగు కొట్టి మొదలుపెట్టినవే. సరే, కాలువ దగ్గరికి వద్దాం.

షట్టర్‌కు పైన ఒక ఊరు, కింద ఒక ఊరు. పేర్లు రాయను, కొట్లాట మానిన ఊళ్ళకు ఆ మచ్చ ఎందుకు? షట్టర్ దించితే నీళ్ళు నిలిచి పై ఊరి పొలాలకు మళ్ళుతాయి, ఎత్తితే కిందికి పోతాయి. నిరుడు యాసంగిలో ఎత్తిపోతల లిఫ్టు నీళ్ళు తగ్గేసరికి ఇక్కడ గడ్డపారలు లేచాయి, తలలు పగిలాయి. స్టేషన్లో రాజీ అయింది. సోమవారం నుంచి నాలుగు రోజులు పై ఊరికి, మిగిలినవి కింది ఊరికి. వంతు తప్పి షట్టర్ ముట్టిన ఊరు తన వంతులో ఒక రోజు వదులుకోవాలి. మరి చూసేదెవరు? మూడో ఊరివాడు, పైగా ఇదే పని చేసి వచ్చినవాడు తిమ్మప్ప ఉన్నాడు కదా అన్నారు.

పై ఊరి పెద్ద బాలస్వామి ఒప్పుకోలేదు. తిమ్మప్ప చెల్లెలు జములమ్మను ఇచ్చింది కింది ఊరికే. చెల్లె ఆ ఊర్ల ఉన్నోడు న్యాయం చెప్తడా అని అడిగాడు.

"న్యాయం నేను చెప్పనే చెప్ప. చూసింది చెప్త," అన్నాడు తిమ్మప్ప.

ఆ మాట మీద ఒప్పుకున్నారు. ఈ యాసంగి మొదలు రోజూ పొద్దుగూకే వేళ రెండు ఊళ్ళ వాట్సాప్ గ్రూపులకు ఆయన వాయిస్ మెసేజి పోతుంది. రెండింటికీ అదే మాట, అదే గొంతు.

మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. ఒక మధ్యాహ్నం చెల్లెలి ఇంట్లో మజ్జిగ తాగి వచ్చాడు. తాగుడు ఆడ, కావలి ఈడనా అని పై ఊరి కుర్రాళ్ళు ఎత్తిపొడిచారు. ఆ రోజు నుంచి రెండు ఊళ్ళలోనూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం మానేసి, ఆ మాట స్వయంగా పోయి చెల్లెలికి చెప్పాడు. అన్న వచ్చి గడపలో నిలబడి తినను అనడం ఆ ఇంటికి ఎంత మాటో ఆయనకు తెలియక కాదు.

"నా ఇంట్ల తింటే నీ కండ్లు కనబడవా?" అన్నది జములమ్మ. "దేశం కాని దేశంల ఎవరు పెట్టినా తింటివి గద."

"ఆడ నాకు చెల్లె లేకుండె."

ఆమె లోపలికి పోయింది.

తర్వాత ఒక బుధవారం ఆమె భర్త నాగన్న పట్టపగలే గట్టెక్కాడు. వాళ్ళ చేను కాలువ చివర. వేరుశనగ, ఈ పక్క బుడ్డలంటారు, కాయ పట్టే వేళకు ఎండుతోంది.

"బావా, బుడ్డలు ఊడలు దిగుతున్నయ్. శుక్రవారం దాకా ఆగయ్. జరసేపు అటు తిరిగి కూసో."

"అటు తిరుగుడు నాకు రాదు, నాగన్నా."

నాగన్న షట్టర్ జానెడు ఎత్తాడు. తిమ్మప్ప చెయ్యి పట్టుకోలేదు, ముఖమూ తిప్పుకోలేదు. సాయంత్రం రెండు ఊళ్ళూ విన్నాయి: "కింది ఊరి నాగన్న, మా చెల్లె పెనిమిటి, పై ఊరి వంతుల షట్టర్ ఎత్తిండు. నేను చూసిన." జములమ్మ రొట్టెలు చేస్తూ విన్నదట.

ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఆపితే పై ఊరోన్నైత. చూడనట్టుంటే కింది ఊరోన్నైత," అన్నాడు.

కింది ఊరికి శుక్రవారం పోయింది. నాగన్న చేనులో చివరి సాళ్ళు ఎండాయి. కాలువలో నీళ్ళు ఉన్నన్ని రోజులూ ఇక్కడ కూర్చోవచ్చు గానీ, ఆ తర్వాత చెల్లెలు మళ్ళీ ఇంటికి పిలుస్తుందో లేదో అన్నదే ఆయన బెంగ. ఆ బెంగ నోట రాదు; కింది ఊరి బాట వైపు మాటిమాటికీ చూసే చూపులో తెలుస్తుంది.

నేను కూర్చున్న రెండో మధ్యాహ్నం, అది పై ఊరి వంతు, బాలస్వామి కూడా గట్టు మీదే ఉన్నాడు. జములమ్మ వచ్చింది. తిమ్మప్ప చూస్తున్న బాటన కాదు, ఆయన సొంత ఊరి వైపు నుంచి, చేతిలో టిఫిన్ గిన్నెతో. తిమ్మప్ప డ్రమ్ము మీద నుంచి లేచి ఏదో అనబోయాడు.

"మూత తియ్యకముందే వద్దనకు," అన్నది ఆమె. "పొద్దున్నే నీ ఊరికి పోయిన. వదిన పొయ్యి మీద, నీ ఇంటి జొన్నపిండితోని చేసిన. దీంట్ల మా ఊరియి నా చేతులే. వాటికి గూడ రూలున్నదా?"

తిమ్మప్ప బాలస్వామి వైపు చూశాడు.

"తిను, మిలిటరీ," అన్నాడు బాలస్వామి. "చేతుల ముచ్చట రాజీల లేదు."

ఆమె గిన్నె డ్రమ్ము మీద పెట్టింది. ఎండిన సాళ్ళ గురించి తిమ్మప్ప మెల్లగా ఎత్తితే, అవి నీతోని ఎండలేదు, మా ఆయనతోని ఎండినయ్ అని కొట్టిపారేసింది. ఆయన నిలబడే రొట్టె తుంచాడు. తింటున్నాడు గానీ కళ్ళు షట్టర్ మీదే ఉన్నాయి.

"గిన్నె దిక్కు చూసి తిను, అన్నా," అన్నది జములమ్మ. "షట్టర్ నేను చూస్త."

బాలస్వామి సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. తిమ్మప్ప తల వంచుకుని తిన్నాడు.