పదహారు విస్తళ్ళు, పద్నాలుగు పేర్లు

జిరాక్స్ షాపుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆధార్ కార్డు ఇస్తే ముందువైపు తీసి చేతిలో పెడతారు. వెనకవైపు కూడా కావాలంటే, వాళ్ళ పొలంలో వాటా అడిగినట్టు చూస్తారు. నా సంచిలో ఇప్పటికీ ముఖం ఉండి చిరునామా లేని మనుషులు నలుగురైదుగురు ఉన్నారు.

ఆ కాపీలు నా దగ్గరికి ఎందుకు చేరాయంటే, మొన్నటి చలికాలం మా స్కూలు స్టాఫంతా కుటుంబాలతో పాపికొండలు చూడటానికి వెళ్ళాం. పోచవరం రేవులో పడవ ఎక్కడం, కొండల మధ్య గోదావరి మీద పోవడం, ఒక రాత్రి ఇసుక తిన్నె మీద వెదురు గుడిసెల్లో ఉండి మర్నాడు తిరిగి రావడం. ఎక్కే ప్రతి మనిషి పేరూ, ఆధార్ కాపీ ముందుగా ఇవ్వాలి. నేను లెక్కల టీచర్ని కాబట్టి లిస్టులన్నీ నాకు అప్పజెప్పారు. స్టాఫ్ రూములో జోకులు వేసేది కూడా నేనే. ఆ పని మాత్రం ఎవరూ అప్పజెప్పలేదు.

మా బూర్గంపాడు వైపు మనుషులకు చలి అంటే పెద్ద పరిచయం లేదు. మే నెల ఎండలో తలకు రుమాలు కూడా లేకుండా తిరిగేవాళ్ళు, డిసెంబరులో నది మీద గాలి అనగానే మంచు కొండలకు బయల్దేరినట్టు తయారయ్యారు. నేను రాసిన సామాను లిస్టులో ఇరవై మూడు అంశాలున్నాయి. మంకీ క్యాపులు, స్వెట్టర్లు, గొంగళ్ళు, మనిషికి రెండు జతల సాక్సులు, ఫ్లాస్కులు, టార్చిలైట్లు, ఊలు గ్లోవ్స్. గ్లోవ్స్ మా మండలంలో ఎవరి దగ్గరా లేవు. లిస్టుకు గౌరవంగా ఉంటుందని రాశాను.

ఆ లిస్టు చదివి మా సోషల్ సారు ఒకే మాట అన్నాడు. "అగ్గిపెట్టె మర్చిపోయిన్రు సార్."

సోషల్ సారూ నేనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. ఒకే జీతం, ఒకే బల్ల. ఆయన కోయ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయన అత్తగారి ఊరు ఆ పడవలు పోయే దారిలోనే, నది ఒడ్డున ఉంది. అందుకని రాత్రి భోజనం ఏర్పాట్లు ఆయన చూసుకుంటాడని మేమే తేల్చేశాం. ఎవరు తేల్చారంటే చెప్పలేను. చేతులెత్తించి ఓట్లు వేయించిన గుర్తు మాత్రం లేదు.

ఒక్క పూట భోజనానికి నాలుగు మీటింగులయ్యాయి. చిక్కేమిటంటే, గుడిసెల్లో పడుకునే రోజు శనివారం. తెలుగు మేడం, ఆమె భర్త, పీఈటీ సారు, మా ఆవిడ శనివారం ముక్క ముట్టరు. మిగతావాళ్ళకు బొంగులో చికెన్ లేకపోతే పాపికొండలు వెళ్ళి ఏం లాభమన్నది ప్రశ్న. నీళ్ళ మీద ఉన్నప్పుడు శనివారం వర్తిస్తుందా అని హెడ్మాస్టరు సారు నిజంగానే అడిగారు. చివరికి ముక్క తినేవాళ్ళకు బొంగులో చికెన్, తిననివాళ్ళకు బొంగులోనే వంకాయ, అందరికీ జొన్నరొట్టె, టమాటా పప్పు, పెరుగన్నం అని తీర్మానించాం. సోషల్ సారు రెండు ఆదివారాలు బండి మీద పోయి, పచ్చి వెదురు, నాటుకోళ్ళు, వండేవాళ్ళు, అన్నీ మాట్లాడి వచ్చాడు. పదహారు అడ్డాకు విస్తళ్ళు కుట్టించమని చెప్పాడు. ఆ పదహారు నేను లెక్కగట్టి ఇచ్చిందే.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూస్తుండగా ఆయన నాతో కొంచెం సిగ్గుగా ఒక సంగతి చెప్పాడు. ఆయన భార్య అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి ఒడ్డున నిలబడి, పాటలు పెట్టుకుని పోయే టూరిస్టు పడవలకు రోజూ చేయి ఊపేదట. ఒక్కసారి కూడా వాటిలో ఎక్కలేదు. ఇప్పుడు ఆ ఊరు ప్రాజెక్టు ముంపులో ఉంది, సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి.

"ఈసారి పడవల కూసోని ఊరికి చెయ్యి ఊపుతదంట సార్," అన్నాడు. "భద్రాచలంల నేపాలోళ్ళ దగ్గర స్వెట్టర్ గూడ కొన్నది, మెరూన్ కలర్‌ది." తర్వాత అడిగాడు. "మా ఇద్దరి ఆధార్ ఎప్పుడియ్యమంటరు?"

నేను వెంటనే అన్నాను. "మీకెందుకు సార్ ఆధార్? మిమ్మల్ని గోదారే గుర్తుపడ్తది."

స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఎన్నికల డ్యూటీ అప్పుడు వాళ్ళిద్దరూ ఇచ్చిన కాపీలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి అలా అన్నానని ఆయన అనుకున్నాడు. నేను ఏమనుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఈ మధ్య తీరిగ్గా ఆలోచిస్తే మాత్రం తెలుస్తోంది. ఆయన ఒడ్డు వెంట బండి మీద ముందే పోయి వంట చూసుకుంటాడని నా బుర్ర ఎప్పుడో నిర్ణయించేసింది. ఆయన్ని ఏర్పాట్లలో రాసుకున్నాను, మనుషుల్లో రాసుకోలేదు. విందు లిస్టులో పదహారు, పడవ లిస్టులో పద్నాలుగు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. లెక్కల టీచర్‌కు తేడా కనిపించలేదు.

శనివారం పొద్దున పోచవరం రేవులో మా వ్యాను ఆగేటప్పటికి ఆ ఇద్దరూ అక్కడే ఉన్నారు. బండికి వెనక కోళ్ళ గంప, ముందు ఒక బట్టల బ్యాగు. ఆమె మెరూన్ స్వెట్టర్ మెడ దాకా గుండీలు పెట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉంది. మంచు ఇంకా విడలేదు. పడవ మీద పాటలు మొదలయ్యాయి.

లిస్టు చూసే ఆయన పేర్లు చదివాడు. పద్నాలుగు చదివి కాగితం మడిచాడు.

సోషల్ సారు నా వైపు చూశాడు. నేను ఫైలు తెరిచి, లేదని తెలిసిన పేర్లకోసం మూడుసార్లు వెతికాను. జిరాక్స్ షాపువాడి మీద ఒక మాట కూడా అన్నాను. వాడికి ఈ విషయంలో ఏ పాపమూ తెలియదు. పడవ నిండిపోయింది, లైఫ్ జాకెట్లు మనిషికొకటే లెక్క. అయితే లిస్టు చూసే ఆయన మర్యాదస్తుడు, ఒక దారి చూపించాడు. మీలో ఇద్దరు ఆగితే వీళ్ళ పేర్లు రాసుకుంటానన్నాడు.

అప్పుడు రేవులో చాలా పనులు జరిగాయి. పీఈటీ సారు షూ లేసు కట్టుకున్నాడు. తెలుగు మేడం ఫ్లాస్కు మూత బిగించింది. హెడ్మాస్టరు సారు కొండల్ని పరిశీలించారు. తప్పు నాది, కాబట్టి ఆగిపోవాల్సింది నేనూ మా ఆవిడా. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. లైఫ్ జాకెట్ జిప్పు పైకి లాగడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు ఆ ఆలోచన నాలో ఉంది. జిప్పు పైకొచ్చింది.

మమ్మల్ని ఆ ఇబ్బంది నుంచి బయటపడేసింది కూడా సోషల్ సారే. కోళ్ళు ఎలాగూ ముందు చేరాలని, అడవి దారిన అత్తగారి ఊరి దాకా బండి మీద పోయి, అక్కడి నుంచి నాటుపడవలో తిన్నెకు దాటుతామని చెప్పాడు. "మీరు నడువున్రి సార్, జల్దీ," అన్నాడు. మేము జల్దీగానే నడిచాం. ఆమె బండి ఎక్కే ముందు తలలో పూలు తీసి బ్యాగు పక్క జేబులో పెట్టింది.

కొండలు అందంగానే ఉన్నాయి. వాటి గురించి రాయడానికి వేరేవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం దాటాక ఎడమ ఒడ్డున సగం కప్పులు లేని ఇళ్ళ ఊరు ఒకటి కనిపించింది. ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు, కొందరు పిల్లలు నిలబడి చేతులు ఊపారు. ఏ ఊరో నాకు తెలుసు. పడవలో అందరూ ఊపారు. నేనూ ఊపాను.

పొద్దు వాలే వేళకు తిన్నె మీద దిగేసరికి వెదురు బొంగులు నిప్పుల మీద ఉన్నాయి. ముప్పై కిలోమీటర్ల అడవి దారి చలిగాలిలో బండి మీద వచ్చినవాళ్ళు మాకంటే ముందే చేరారు. వంటవాళ్ళతో పాటు సోషల్ సారు కూడా బొంగులు తిప్పుతున్నాడు. ఆమె మంట దగ్గర చేతులు కాచుకుంటోంది. మేమంతా మంకీ క్యాపుల్లో, గొంగళ్ళలో, ఎవరు ఎవరో తెలియకుండా, ఆకలితో మంట చుట్టూ చేరాం.

బొంగు చీల్చగానే హెడ్మాస్టరు సారు విస్తరి పట్టుకుని ముందుకొచ్చి ఆమె ముందు చాచారు. దురుద్దేశం లేదు. ఆమె మంట పక్కన ఉంది, అంతే. ఆమె ఆ విస్తరి వంక ఒక క్షణం చూసి, గరిటె తీసుకుని వడ్డించింది. వెంటనే ఇంకో నాలుగు విస్తళ్ళు వచ్చాయి. ఆరోది నాది.

విస్తరి చాచాకే నా చేతిని నేను చూసుకున్నాను. వెనక్కి తీసుకోవడం ఇంకా బాగోదనిపించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే అన్నాను, వచ్చేసారి మీ పేర్లు లిస్టులో మొదట రాసి, నా పేరు రాయడం మర్చిపోతానని. పక్కన ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆమె నవ్వలేదు. నా విస్తరిలో ముక్కలు వేసి, గరిటె ఆపి, నా ముఖంలోకి చూసింది.

"మా ఆయన అడిగిననాడు అవ్ అనో, కాదనో ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద సార్."